కుళాయి పుస్తకంలో లేని గడి

పోయినవి ముందు వరసగా రాస్తాను. తొమ్మిదో తరగతి ఒకటి, పదో తరగతి ఒకటి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకని ద్వారకా నగర్‌లో కొన్న పుస్తకం ఒకటి. పద్నాలుగో పేజీ దాకా పెన్సిలు గీతలున్నాయి, ఆ తర్వాతి కాగితాలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. జామెట్రీ పెట్టె ఒకటి. బడి బట్టలు రెండు జతలు. వాటిని మా చెల్లి చింపి పొయ్యి మీద గిన్నెలు దించే గుడ్డలు చేసుకుంది. మా చెల్లి నాతో మాట్లాడని నెలలు ఐదు. మా మేనకోడలు కుడిచేతి బొటనవేలి గోరు ఒకటి; రొయ్యల షెడ్డులో చేరిన మూడో వారంలో ఊడిపోయింది, మళ్ళీ మొలిచింది కానీ వంకరగా మొలిచింది. అడుగున మొత్తం వెయ్యాలని చూశాను. గోరునీ తరగతినీ కలిపి కూడడానికి వీల్లేదు కనుక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. తక్కినదంతా ఫిషింగ్ హార్బరులో నేర్చుకున్నాను. బోటు తిరిగొచ్చాక చేపల్ని టబ్బుల్లోకి దించి వేలం పాట పెడతారు. ఏ బోటువి ఎన్ని టబ్బులు దిగాయి, ఏ టబ్బు ఎవరు పాడుకున్నారు అన్నది పక్కన నిలబడి రాసేవాడు ఒకడు కావాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ పని నాది. నాలుగు నిలువు గీతలకి ఐదోది అడ్డంగా కొట్టడం దగ్గర మొదలుపెట్టాను. పాత క్యాలెండరు కాగితాల వెనక భాగహారాలు, భిన్నాలు, శాతాలు ఒక్కణ్ణే వేసుకుని నేర్చుకున్నాను. నేను రాసిన టబ్బుల లెక్క మీద ఇంతవరకూ గొడవ రాలేదు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఈ సంగతి ఇక్కడే ఒప్పుకోవాలి, ఎందుకంటే జరిగినదానికి మొదలు అదే.

మా చెల్లి చేపలమ్ముతుంది. తెల్లవారుజామున హార్బరుకొచ్చి, పాటలో పాడుకుని, గంప ఎత్తుకుని కాలనీలు తిరిగి, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరుతుంది. బావ బోటెక్కితే పది పన్నెండు రోజులకి గాని ఒడ్డుకి రాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి ఎక్కాలు నేర్పింది నేను. ఏడో ఏట పంతొమ్మిదో ఎక్కం అప్పగించింది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి, నాకు బీజగణితం ఆ పిల్లే నేర్పింది. 'ఎక్స్' అనేది ఇంకా లెక్కపెట్టని టబ్బు అనుకో మావా అనేది. నాకు వెంటనే అర్థమైంది.

మా వీధి జాలరిపేటలో సముద్రం నుంచి మూడో వరస. ముప్పై నాలుగు ఇళ్ళకీ వీధి మొదట్లో ఒకటే కుళాయి. పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నీళ్ళొచ్చేవి. ఆ రెండు గంటలూ రోజూ యుద్ధమే. ముందురోజు సాయంత్రమే వరసలో తమ గుర్తుగా సొట్టబిందో, ఇటుకో, తెగిపోయిన చెప్పో పెట్టి వెళ్ళిపోవడం మా వీధి అలవాటు. ఎవరి ఇటుక ఎవరు జరిపారన్న దగ్గర తగువు. ఒకనాడు బిందె విసురుకుని ఒకామెకి నుదురు పగిలి నాలుగు కుట్లు పడ్డాయి.

ఆ వారమే నేను కూర్చుని లెక్క వేశాను. బిందె నిండడానికి నలభై సెకన్లు. రెండు గంటలంటే ఏడు వేల రెండు వందల సెకన్లు, అంటే నూట ఎనభై బిందెలు. ఇంటికి ఐదు చొప్పున ముప్పై నాలుగు ఇళ్ళకి నూట డెబ్బై. పది బిందెల నీళ్ళు ఒలకడానికీ, మార్చుకోవడానికీ పోయినా అందరికీ సరిపోతాయి. ఇళ్ళకి నంబర్లు ఇచ్చాను. ఈ రోజు ఒకటో ఇల్లు ముందైతే రేపు రెండో ఇల్లు ముందు, ఒకటోది చివరికి. నంబరు పిలిచినప్పుడు ఇంటి మనిషి బిందెలతో నిలబడి ఉండాలి, లేకపోతే ఆ రోజుకి వంతు పోయినట్టే. ఇటుకలు, చెప్పులు చెల్లవు. ఒక పుస్తకం పెట్టి ఇంటి నంబరు, వంతు, బిందెలు అని మూడు గడులు గీశాను.

మూలింటి ముసలామె పుస్తకాన్ని తిరగేసి పట్టుకుని చూసింది. "బాగానే ఉన్నాది గానీ, ఇది ఎవులు రాత్తారు? పొద్దున్న నువ్వు పాటకాడుంటావు కదా."

"నా మేనకోడలు రాత్తాది. దాని లెక్క తప్పదు" అన్నాను.

"తప్పితే?"

"తప్పితే ఆ రోజు నా ఐదు బిందెలూ నీవే."

"అయితే తప్పాలనే మొక్కుకుంతాను బాబూ" అంది. వీధంతా నవ్వింది. మా మేనకోడలు తలొంచుకుని నవ్వింది. ఎనిమిది పాసై తొమ్మిదిలోకి వెళ్ళబోతున్న రోజులవి.

మర్నాటి నుంచి తగువులు ఆగిపోయాయి. పిల్ల కుళాయి గట్టు మీద కూర్చుని నంబరు పిలిచేది, ఐదో బిందె నిండగానే గీత కొట్టేది. వంతు తప్పిన వాళ్ళెవరైనా గద్దిస్తే పుస్తకం వాళ్ళ ముందు పెట్టేదట. మధ్యాహ్నం నేను ఇంటికొచ్చి ఆ పుస్తకం చూసుకునేవాణ్ణి. ముత్యాల్లాంటి అంకెలు. నూట డెబ్బై అంటే నూట డెబ్బై. ఎక్కడా కొట్టివేత లేదు.

ఇక్కడ ఒక లెక్క నేను వెయ్యలేదు. బడిలో ప్రార్థన తొమ్మిదింటికి, మొదటి పీరియడు తొమ్మిదింపావుకి. మా వీధి నుంచి బడికి ఇరవై నిమిషాల నడక. తక్కిన ఇళ్ళకైతే వంతు మారుతూ ఉంటుంది, కొన్ని రోజులు ముందొస్తుంది, కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. పుస్తకం రాసేవాళ్ళకి వంతు లేదు. మొదటి బిందె నుంచి ఆఖరి బిందె దాకా కూర్చోవాలి, రోజూ.

నాకెందుకు కనపడలేదో కూడా చెప్పాలి. ఆ వేళకి నేను హార్బరులో ఉంటాను, చెల్లి ఏ కాలనీలోనో ఉంటుంది. ఏటా వేట నిషేధం రెండు నెలలూ బోట్లు కట్టేస్తారు, పాట ఉండదు, అప్పుడు మాత్రం నేను పొద్దున్న ఇంటిపట్టునే ఉంటాను. నిషేధం మొదలైన వారంలోనే బడికి వేసవి సెలవులు ఇచ్చేసేవారు. అంచేత నేను కుళాయి దగ్గర నిలబడి చూసిన పొద్దులన్నీ బడి లేని పొద్దులే. పిల్ల తీరిగ్గా కూర్చుని రాసుకునేది. నేను చూసి మురిసిపోయి టీ తాగడానికి వెళ్ళేవాణ్ణి.

పది నెలలు గడిచాక ఆడవాళ్ళంతా ఒక మాట మీదికొచ్చారు. పొద్దున్న తమకి నీళ్ళు పట్టే వీలు లేదు, చేపలమ్ముకుని మధ్యాహ్నానికి గాని రారు. అదే నీళ్ళు సాయంత్రం నాలుగింటికి ఇస్తే తామే పట్టుకుంటారు. గొట్టాలు అక్కర్లేదు, కొత్త కుళాయి అక్కర్లేదు. వేళ మారిస్తే చాలు. అర్జీ రాయడం, వార్డు సచివాలయానికి తీసుకెళ్ళడం నా పని అన్నారు. అర్జీలు తీసుకునేది పొద్దున్నే కాబట్టి వాళ్ళెవరూ రాలేరు. చెల్లి ఒక్కతే ఆ పూట గంప ఎత్తకుండా నా వెంట వచ్చింది.

నీళ్ళ సంగతి చూసే సెక్రటరీ పాతికేళ్ళ అమ్మాయి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తోంది. మమ్మల్ని కూర్చోబెట్టి అర్జీ పూర్తిగా చదివింది. ఆధారం ఉంటే అర్జీకి బలం ఉంటుందని నేను కుళాయి పుస్తకాన్ని కవరులో పెట్టి పట్టుకెళ్ళాను. అది తీసి ఆమె ముందు పెట్టాను.

ఆమె పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. "బాబాయ్ గారూ, ఇంత శుభ్రంగా మా ఆఫీసులో కూడా ఎవరూ రాయరండి. ఎవరు రాశారు?"

"మా మేనకోడలండి. తొమ్మిదో తరగతి."

"ప్రతి ఇంటికీ ఐదు బిందెలు. రోజూనా?"

"నీళ్ళొచ్చిన ప్రతి రోజూనండి. పది నెల్ల నుంచి ఒక్క తగువు లేదు."

"మరి ఇబ్బంది ఎక్కడుందండి?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "టైము మార్చాలంటే కొరత చూపించాలి. ఫారంలో ఎన్ని ఇళ్ళకి నీళ్ళు అందడం లేదు అని ఒక గడి ఉంది. మీ పుస్తకం ప్రకారం అక్కడ ఎంత వెయ్యమంటారు?"

నేను ఆలోచించాను. అబద్ధం చెప్పడం నాకు రాదు. "సున్నా అండి" అన్నాను.

"ఆడోలు తెల్లారగట్ల నాలుగింటికి నెగిసి పోతారమ్మా, నీలు పట్టేది పిల్లలు" అంది చెల్లి.

"పడుతున్నారు కదమ్మా, అందుతున్నాయి కదా" అందా అమ్మాయి. ఫారంలో సున్నా వేసి, అన్ని ఇళ్ళకీ సమానంగా సరఫరా, ఫిర్యాదు ముగిసింది అని రాసి నా సంతకం తీసుకుంది. పుస్తకంలో నాలుగు పేజీలు ఫోనులో ఫొటోలు తీసుకుంది. వేరే వీధులకి చూపిస్తానంది. నేను దండం పెట్టి బయటికొచ్చాను. సిగ్గుతో రాస్తున్నాను, ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది.

దారిలో చెల్లి అంది, "ఏటన్నా అది నీ పుస్తకం? మన నోరు మూయడానికి తీసుకెల్లినావా?"

"నిజమే కదే రాసింది. అందరికీ అందుతన్నాయి."

"అందుతన్నాయి. నాకూ తెల్సు. అక్కడికి ఎందుకెల్లేమో అదే తెల్దు."

ఆ సంతకం విలువ ఒక ఏడాది. పిల్ల పదో తరగతి ఏడాది.

పది ఫలితాలొచ్చిన రోజు చెల్లి ఇంటి ముందు నలుగురు చేరారు. తెలుగు, సాంఘికం, సైన్సు, తక్కినవన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో ఇరవై ఏడు. ముప్పై ఐదు వస్తే గాని పాసు కాదు. నేను నమ్మలేదు. కూడికలో ఎవరో తప్పు చేసి ఉంటారన్నాను. పిల్ల వద్దన్నా వినకుండా మార్కులు మళ్ళీ కూడమని దరఖాస్తు పెట్టించాను. ఎవరో దిద్దేవాడు పదుల్లోకి ఎత్తిన అంకె కలపడం మరిచిపోయి ఉంటాడని నేను పందెం కూడా కట్టాను. తిరిగొచ్చిన కాగితంలో ఇరవై ఏడే ఉంది.

అప్పుడు బడికి వెళ్ళాను. లెక్కల మేష్టారు నన్ను గుర్తుపట్టారు. "ఎక్స్ అంటే లెక్కపెట్టని టబ్బు, అది మీరు చెప్పిందేనా?" అన్నారు.

"దానికే తోచిందండి."

"ఎనిమిదిలో నా దగ్గర తొంభై నాలుగు తెచ్చుకుంది. తొమ్మిది నుంచి నా క్లాసుకి రావడం మానేసింది. అడిగితే మాట్లాడదు. మిగతా పీరియడ్లన్నీ ఉంటుంది, నాది ఒక్కటే ఉండదు. లెక్కలంటే విరక్తి పుట్టిందేమో అనుకున్నాను."

"మీ క్లాసు ఎప్పుడండి?"

"మొదటి పీరియడు. రెండేళ్ళూ అదే."

ఆయన తన హాజరు పుస్తకం తీశారు. నా సంచిలో కుళాయి పుస్తకం ఉంది. ఆ రోజుల్లో అది లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళేవాణ్ణి కాదు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి తేదీల వారీగా చూసుకుంటూ వెళ్ళాం. నా పుస్తకంలో పేజీ నిండుగా ఉన్న రోజు ఆయన పుస్తకంలో ఆ పిల్ల పేరు ఎదుట ఖాళీ. నీళ్ళు రాలేదని నా పుస్తకంలో ఖాళీ ఉన్న రోజు ఆయన దగ్గర టిక్కు. పదిహేను రోజులు చూసేసరికి మేష్టారు ఆపేశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను చివరి తేదీ దాకా చూశాను.

అప్పటికే పిల్ల రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచే పని. ఫలితాలొచ్చిన వారానికే వీధిలో అమ్మాయిలతో పాటు వ్యానెక్కేసింది. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలో కూర్చుని వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఎందుకు సెప్పలేదే?" అన్నాను.

"ఏటి సెప్పమంటావు?"

"మొదటి పీరియడు పోతన్నాదని."

నూనె సీసాకి మూత పెట్టింది. "మొదట్లో పరుగెత్తీదాన్ని మావా. ఎంత పరుగెత్తినా పది నిమిషాల తక్కువ పది అయిపోయీది. సారు పాఠం మజ్జిలో లోపలికి రానీరు. వరండాలో నిలబడి గోడెనక నుంచి ఇనీదాన్ని. బోర్డు కనపడదు కదా, సగమే అర్దమయీది. పదిలో పరుగెత్తడం మానీసినాను. పీరియడు అయిపోయే ఏలకి నడిసెల్లీదాన్ని."

"పుస్తకం ఇంకొకల్లకి ఇచ్చీమంటే ఇచ్చీవోన్ని కదే."

"అందరి ముందూ నువ్వు దాని లెక్క తప్పదన్నావు. నాను మానేత్తే తప్పినట్టే కదా" అంది. కోపంగా కాదు. కూడిక చెప్పినట్టు చెప్పింది.

లోపల కూర తాలింపు వేస్తున్న చెల్లి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇవన్నీ ఆమె కూడా అప్పుడే వినడం. "నా కూతుర్ని కుళాయికి కట్టీసినావు గదన్నా" అంది. ఆ తర్వాత ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. హార్బరులో నా పక్కనే నిలబడి చేపలు పాడుకునేది, లెక్క మాత్రం వేరేవాళ్ళతో రాయించుకునేది.

నేను అక్కడితో కుంగిపోయి కూర్చునేవాణ్ణే. మర్నాడు పుస్తకం చూసుకుంటే అంకెలు మారి ఉన్నాయి. ఏడుని మధ్యలో అడ్డగీతతో రాశారు. మా మేనకోడలు షెడ్డుకి పోయాక పుస్తకం ఎవరు తీసుకున్నారో నేను అడగనే లేదు. ఎదురింటి పిల్ల రాస్తోంది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి.

ఆరు రోజులు పాట మానేశాను. ఏడున్నర నుంచి కుళాయి దగ్గర నిలబడి పుస్తకం నేనే రాశాను. నాలుగో గడి గీసి, ఎవరు పట్టారు అని పేరు పెట్టాను. ముప్పై నాలుగు ఇళ్ళల్లో ఇరవై ఒక్క ఇంటి బిందెలు పిల్లలే పట్టారు. ఆ ఇరవై ఒక్కరిలో ఆడపిల్లలు పదిహేడు మంది. బడికి అందని వేళకి వీధి వదిలినవాళ్ళు ఏ రోజు చూసినా ఎనిమిదికి తగ్గలేదు. రెండేళ్ళ పాటు నేను నీళ్ళు లెక్కపెట్టాను. నీళ్ళు ఎప్పుడూ సరిపోయాయి.

ఈసారి సచివాలయానికి ఒకే కాగితం పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయే ఉంది. చూడగానే లేచి, "బాబాయ్ గారూ, మీ పుస్తకం ఫొటోలు ఎన్ని వీధుల వాళ్ళకి చూపించానో" అంటూ కాగితం తీసుకుంది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఈ గడి అప్పుడు లేదేమండి?" అంది మెల్లగా.

"మీరు అడగలేదు. నాను రాయలేదు."

"ఫారంలో కూడా లేదండి ఈ గడి" అంది. కాగితం బల్ల మీద పరిచి, "ఆ రోజు మీ చెల్లెలు గారు చెప్పారు. నేను వినలేదు" అంది.

మర్నాడు ఏడుంపావుకే మా వీధికి వచ్చింది. తొమ్మిదిన్నర దాకా ఎండలో నిలబడింది. చెప్పులు, చీర అంచు తడిసిపోయాయి. ఎవరింటికెళ్ళి టీ తాగమన్నా తాగలేదు. ఎదురింటి పిల్ల ఐదో బిందె ఇంట్లో దించి బడి సంచి ఎత్తుకుని పరుగెత్తుతుంటే, ఫోను తీసి టైము చూసుకుని నా కాగితం వెనక రాసుకుంది. అక్కడి నుంచే పై ఇంజనీరుతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు పూర్తిగా వినపడలేదు. ఆడపిల్లలు, బడి, అన్న రెండు మాటలు చాలాసార్లు వినిపించాయి.

పదకొండో రోజు సాయంత్రం నాలుగింటికి నీళ్ళొచ్చాయి. ఆడవాళ్ళు గంపలు దించి బిందెలు పట్టుకుని వచ్చారు. మూలింటి ముసలామె కుళాయి గట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ అమ్మాయి ఇంకొకటి కూడా చేసింది. పొద్దున్న అర్జీలకి రాలేని ఆడవాళ్ళ కోసం నెలకి రెండు రోజులు మధ్యాహ్నం మూడింటికి తనే ఫారాలు పట్టుకుని మా వీధి అరుగు మీద కూర్చుంటోంది. వచ్చిన మొదటి రోజే రెండు పింఛన్లు, ఒక రేషను కార్డు, అంగన్వాడీ పాల సంగతి తేలాయి. కాగితం మీద ఇవన్నీ లాభాలే. నేను వాటిని పోయినవాటికి ఎదురు వేసి కొట్టివెయ్యలేను.

వీధులకి నీళ్ళు వదిలే వాల్వు తిప్పే ఆయన ఒకసారి టీకొట్టు దగ్గర కలిశాడు. వేళ మార్చడానికి ఎంత కష్టమయిందని అడిగాను.

"కట్టమేటి బావా? ముందు మీకు తిప్పి తరవాత కొండ మీద వీధికి తిప్పీవోన్ని. ఇప్పుడు కొండోలకి ముందు తిప్పి మీకు ఎనక తిప్పుతన్నాను. ఆలకీ పొద్దున్నే కావాలట. రెండు తిప్పులే."

"ముందే అడిగుంటే?"

"ముందే సేద్దును. నాకు ఎవులు సెప్పేరు?" అని టీ గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

సెక్రటరీ అమ్మాయి ఓపెన్ స్కూలు ఫారం తెచ్చి మా మేనకోడలికి తనే ఇచ్చింది. లెక్కలు ఒక్కటి రాసినా చాలు, పాలిటెక్నిక్ దారి ఇంకా మూసుకోలేదంది. పిల్ల తీసుకుని దండం పెట్టి గూట్లో పెట్టింది. నెల గడిచినా అది గూట్లోనే ఉంది. నేను అడిగితే, "నాకు ఐదు బిందెల లెక్కొచ్చు మావా, అది సాలు. షెడ్డులో దాంతోనే పనైపోతన్నాది" అంది. నవ్వుతూనే అంది. పక్కనున్న చెల్లి నా వైపు చూడకుండా లేచి లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి కాదు, ఆ తర్వాత చాలా రోజులకి, మేష్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆ రెండేళ్ళల్లో బడి ఎన్ని రోజులు నడిచిందో ఆయన చీటీ మీద రాసిచ్చారు. తొమ్మిదిలో రెండు వందల పద్నాలుగు, పదిలో నూట తొంభై ఏడు. మొత్తం నాలుగు వందల పదకొండు. అందులో నీళ్ళు రాక పిల్ల వేళకి బడికి అందిన రోజులు ఇరవై మూడు. జ్వరంతో పడుకున్న రోజులు తొమ్మిది. అవి నా మీద వేసుకోవడం న్యాయం కాదు. పరీక్షలని వేరే పిల్లకి పుస్తకం అప్పగించి వెళ్ళిన రోజులు పద్దెనిమిది. ఇవి తీసేస్తే మూడు వందల అరవై ఒకటి. ఒంటిపూట బడి రోజుల్లో రెండు మూడు పీరియడ్లు పోయాయి కానీ, లెక్కల పీరియడు ఒకటే కనుక ఒకటే వేశాను.

పదో తరగతి లెక్కల పుస్తకం కొనుక్కున్నాను. యాభై దాటాక త్రికోణమితి మొదలుపెట్టాను. ఒక్కో పాఠానికి నాకు వారం పడుతుంది. మేష్టారు నాకు మంగళవారాలు చెబుతారు, నేను దాన్ని ఆదివారానికి సిద్ధం చేసుకుంటాను. ఆదివారం షెడ్డుకి సెలవు. మొదటి ఆదివారం నేను పలకా సుద్దా పట్టుకుని చెల్లి ఇంటి ముందు నిలబడితే పిల్ల కిటికీలోంచి నన్ను చూసి, "ఏటి మావా, ఈదిలో ఇంకో కుళాయి ఏత్తన్నారా?" అంది.

"నువ్వు గంట కూర్చో. రాకపోతే పోనీ" అన్నాను.

"గంటెందుకు, పీరియడంటే ముప్పావు గంటే" అంది. తలుపు తీసింది చెల్లి. మాట్లాడలేదు గాని చాప వేసింది. రెండోవారం మంచినీళ్ళు తెచ్చి పెట్టి, "దానికి కునుకొత్తన్నాది, పెద్దగా సెప్పు" అంది. ఐదు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

పిల్ల అన్ని ఆదివారాలూ ఉండదు. కొన్నిసార్లు షెడ్డులో సరుకెక్కువై సెలవు రోజు కూడా పిలుస్తారు. ఉన్న రోజు కూడా ఆరు రోజుల అలసట వేళ్ళల్లో ఉంటుంది. పెన్సిలు పట్టుకుంటే చీలిన చర్మం మంట పుట్టి మధ్యలో ఆపేస్తుంది. ఒక్కొక్కసారి సైన్ తీటా దగ్గర కళ్ళు మూతలు పడతాయి. నేను లేపను. పుస్తకం మూసి పక్కన కూర్చుంటాను, చెల్లి వచ్చి దుప్పటి కప్పుతుంది. ఫారం ఇంకా గూట్లోనే ఉంది. తీసి నింపమని నేను ఇప్పుడు అడగడం మానేశాను.

ఇప్పటికి యాభై నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. పిల్ల నిద్రపోయినవి పన్నెండు. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ముట్టింది నలభై రెండు పీరియడ్లు. ఈ పూటకి నేను ఇంకా ఇవ్వాల్సినవి మూడు వందల పంతొమ్మిది.